నలభై ఎనిమిది డిగ్రీలు

ఈ బెంచీ మీద ఇప్పటిదాకా ఎవరెవరు కూర్చున్నారో, ఏ బట్టలతో కూర్చున్నారో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది, అందుకే అంచున సగం గాల్లోనే కూర్చున్నాను, మోకాళ్ళు నొప్పెడుతున్నా వెనక్కి జరగను. రెగ్జిన్ చిరిగిన చోట లోపలి స్పాంజి పదేళ్ళ ఆయిలు పీల్చి నల్లగా పైకి వచ్చింది. ఎదురుగా మెస్ రూమ్ తలుపు, మూసే ఉంది. లోపల కంపెనీ నుంచి వచ్చిన సూపరింటెండెంటు, ఆయన పక్కన మా సెకండ్ ఇంజనీరు, వాళ్ళ ముందు కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టుతో, ఇంజన్లకి నూనె పోసే ఆయిలర్ మామ. మామని లోపలికి పిలిచి పావుగంటయింది. ఆయన బయటికొస్తే నా వంతు. నన్ను ఒక్కటే ప్రశ్న అడుగుతారని సెకండ్ పొద్దున్నే చెప్పి ఉంచాడు. "ఆ రోజు పదింటికి షాఫ్టు బేరింగు వేడి ఎంత అంటాడు. లాగ్‌బుక్కులో ఏముందో అదే చెప్పు. నలభయ్యెనిమిది. నీళ్ళు నమలకు, తల గోక్కోకు, చెప్పేసి వచ్చెయ్." గంటగంటకీ అంకెలు వేసే ఆ లాగ్‌బుక్కులో నలభై ఎనిమిది అని రాసింది నేనే. చేతిరాత నాదే, బాగుంటుంది కూడా, బళ్ళో బహుమతులొచ్చిన చేతిరాత. ఆ అంకెని మాత్రం నేను ఎక్కడా చూడలేదు. చూడకుండా రాశాను. ఆ అంకెని పట్టుకునే ఇప్పుడు లోపల మామని ఉతికి ఆరేస్తున్నారు.

పదీ ఐదు. ఓడ రేవులో కట్టి ఉంది, పెద్ద ఇంజను ఆగిపోయింది కాబట్టి కాళ్ళ కింద నేల అదరడం లేదు, పదకొండు నెలలైనా రేవులో ఇలా అదరని నేల మీద కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు. వరండాని ఇప్పుడే ఫినాయిల్‌తో తుడిచారు, పెద్దాయన వచ్చాడని, కానీ తుడిచిన గుడ్డ ఏనాటిదో, ఫినాయిల్ వాసన కింద కుళ్ళిన గుడ్డ వాసన, దాని కింద వంటవాడు నాలుగోసారి కాచిన నూనె, అన్నిటికీ అడుగున ఎప్పటికీ వదలని డీజిల్. నాకు వాసనలు పొరలు పొరలుగా విడివిడిగా తెలుస్తాయి, అది నా ఖర్మ, అందరికీ ఒకే కంపు తగిలే చోట నాకు నాలుగు తగులుతాయి. గోడ మీద పైపుకి పట్టిన చెమట కారి కింద తుప్పు రంగు గీత పడింది. దాన్ని ఎవరో వేలితో పొడిగించి మీసాలు గీశారు. ఎవరి వేలో. నా వేళ్ళు చూసుకున్నాను, గోళ్ళు కురచగా, శుభ్రంగా, పొద్దున రెండుసార్లు తోముకున్నవి. ఈ ఓడలో ఇంత శుభ్రమైన చేతులు ఇంకెవరికీ లేవు, చూస్తుంటే నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

ఒళ్ళో నా ట్రైనింగ్ రికార్డు పుస్తకం ఉంది. ఏడాది పాటు ఈ ఓడలో ఏ పని నేర్చుకున్నానో ఒక్కో పేజీలో రాసి, పక్కన సెకండ్ చేత సంతకం పెట్టించుకోవాలి, అన్ని పేజీలూ నిండితేనే పరీక్షకి కూర్చోనిస్తారు, పరీక్ష అయితేనే ఇంజనీరు. సెకండ్ నన్ను తొమ్మిది పేజీల సంతకాలకి మూడు నెలలుగా తిప్పుకుంటున్నాడు, రేపు అంటాడు, మూడ్ బాలేదంటాడు, పంపు విప్పి చూపించు అంటాడు. ఈ పొద్దున తనే నా క్యాబిన్‌కి వచ్చాడు. నా పరుపు మీద కూర్చున్నాడు, ఆయిలు ప్యాంటుతో, నా తెల్ల దుప్పటి మీద. బొటనవేలు నాలిక మీద అద్దుకుని పేజీ తిప్పాడు, సంతకం పెట్టాడు, మళ్ళీ నాలిక, మళ్ళీ పేజీ, చదవకుండా తొమ్మిది సంతకాలు, తొమ్మిదిసార్లు ఉమ్మి. ఎనిమిదో పేజీలో "బేరింగుల ఉష్ణోగ్రతలు స్వయంగా పరిశీలించి నమోదు చేయుట" అని ఉంది, దాని ఎదురుగా "చాలా తృప్తికరం" అని రాశాడు. నేను నవ్వలేదు, ఏడవలేదు, థాంక్యూ సార్ అన్నాను. వాడు పోయాక దుప్పటి తీసి బకెట్లో నానబెట్టాను గానీ పుస్తకాన్ని నానబెట్టలేను కదా. పేజీల మూలలు ఇంకా కాస్త ఉబ్బి ఉన్నాయి, అక్కడ వేలు పెట్టకుండా పట్టుకుని కూర్చున్నాను.

మా అమ్మ అయితే ఈ పుస్తకాన్ని ఎండలో ఆరేసేది. మా ఇంట్లో ఎవరొచ్చి పోయినా తలుపు పిడి కడిగేది, కూరగాయలు మూడు నీళ్ళల్లో, చిల్లర డబ్బులు సబ్బు నీళ్ళల్లో, పక్కింటావిడ ఎత్తుకుని ముద్దాడితే నన్ను నిలువునా కడిగేది. ఆవిడ ముక్కే నాకొచ్చింది. అంత ముక్కున్న మనిషికి మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. నాన్న సాయంత్రం వస్తే లోపలికి నేరుగా రావడానికి వీల్లేదు, పెరట్లో కుళాయి దగ్గర రంపపు పొట్టుతో, బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, అమ్మకి రెండు చేతులూ చూపించాలి, పాసయితే లోపలికి, లేకపోతే మళ్ళీ రుద్దుడు. గోళ్ళ సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోయేది కాదు, అందుకని నాన్న ఇంట్లో స్పూనుతో తినేవాడు. చుట్టాలొస్తే అందరూ చేత్తో తింటుంటే ఆయనొక్కడే స్పూనుతో, పెద్ద దొరలాగా, అని మా బాబాయి ఆటపట్టించేవాడు, నాన్న నవ్వేవాడు. నాకప్పుడు ఏడేళ్ళు, ఓ సాయంత్రం బడి దగ్గరికొచ్చి బత్తాయి ఒలిచి తొన నా నోటికి అందించాడు. తొన మీద నల్లగా బొటనవేలి ముద్ర. గ్రీజు కంపు. నేను తీసుకుని, నోట్లో పెట్టుకున్నట్టు నటించి, ఆయన సైకిలు స్టాండు తీస్తుంటే కాలవలో పారేశాను. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత ఎప్పుడూ ఒలిచిన పండు ఇవ్వలేదు, తెచ్చి పండు పండుగా చేతిలో పెట్టేవాడు. చిన్నతనంలో చేసిందానికి ఇప్పుడు సిగ్గుపడటం తేలిక. నిన్న రాత్రి ఫోనులో ఆయన "సంతకాలన్నీ అయ్యాయా నాన్నా" అని అడిగితే, ఆ అడిగే గొంతులో ఆశకి కూడా నాకు ఎందుకో చిరాకే వేసింది.

ఇంజనీరు అంటే ఆయన దృష్టిలో చేతులు మసి కాకుండా చేయించేవాడు. డిపోలో ఇంజనీరు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, దూరం నుంచి వేలితో చూపించి పోయేవాడట. కాలేజీ వాళ్ళిచ్చిన రంగుల పుస్తకం అట్ట మీద తెల్ల యూనిఫారం, భుజాల మీద బంగారు చారలు, వెనకాల నీలంగా సముద్రం. ఆ తెల్ల యూనిఫారం ఇంట్లోవాళ్ళు కుట్టించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపించారు, పదకొండు నెలలుగా ఆ కవరు విప్పలేదు. అది తొడుక్కుని ఎక్కడికి పోతాను, తీరం వెంబడి ఈ రేవు నుంచి ఆ రేవుకి సిమెంటు మోసే ముసలి ఓడ ఇది, సముద్రం కనిపించాలన్నా మెట్లెక్కి పైకి రావాలి. మొదటి రోజు ఇంజను రూముకి దిగి నాలుగో మెట్టు మీదే కక్కేశాను. మామ నా భుజం పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, బకెట్టు తెచ్చి, నేను కక్కింది చేత్తో గుడ్డ పెట్టి తుడిచాడు. "అందరం ఇక్కడే కక్కుకున్నాం అల్లుడూ, ఈ మెట్టుకి అలవాటే" అన్నాడు. ఓడలో అందరికీ ఆయన మామ, ఆయనకి అందరూ అల్లుళ్ళు, నిజానికి కూతుళ్ళు లేరు, పెళ్ళే లేదు. జేబులో సబ్బు పెట్టుకుని తిరుగుతానని మిగతావాళ్ళు నాకు సబ్బుబిళ్ళ అని పేరు పెట్టారు, ఏయ్ సబ్బుబిళ్ళా, ఇటు రా. మామ ఒక్కడే ఎప్పుడూ ఆ పేరు వాడలేదు. ఆయన తుడిచిన ఆ చేయి మళ్ళీ నా భుజం మీద వేసినందుకు ఆ రోజు నేను చొక్కా మార్చుకున్నాను.

పదీ పదిహేను. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, వచ్చేస్తున్నాడేమోనని లేవబోయాను, లేదు, మళ్ళీ సెకండ్ గొంతు, మాటలు తెలియడం లేదు, దగ్గు మాత్రం తెలుస్తోంది, దగ్గి మింగుతాడు, బయటికి ఉమ్మడు, ఆ మింగే చప్పుడు తలుపు ఇవతలికి కూడా వినపడుతోంది. చెవులు మూసుకోవాలనిపిస్తోంది. ఆ బేరింగు. ఇంజను నుంచి ఓడని నెట్టే పంకా దాకా ఓడ అడుగున పొడుగ్గా ఓ ఇనుప దూలం తిరుగుతుంటుంది, అదే షాఫ్టు, దాన్ని మధ్యలో మోసేది ఆ బేరింగు. అది ఉండేది సొరంగంలో, నడుం వంచితే గానీ పట్టని సొరంగం. ఓడలో కారిన ప్రతి నీళ్ళబొట్టూ, ప్రతి ఆయిలు బొట్టూ చివరికి అక్కడికే చేరి నిలవ ఉంటుంది, అందులో ఎలుకలు చచ్చి ఉబ్బుతాయి, పైన స్నానాల గదుల పైపు ఒకటి కారుతుంది, ఆ వెచ్చదనానికి అదంతా పులుస్తుంది. థర్మామీటరు బేరింగుకి అవతలి పక్కన బిగించారు, ఏ మహానుభావుడు బిగించాడో, దాన్ని చదవాలంటే షాఫ్టు కింద నుంచి పాకాలి, పొట్ట ఆ నీళ్ళకి ఆనుతుంది. గంటకోసారి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా డ్యూటీ పేరుకి సెకండ్‌ది, చేసేది నేనూ మామా, ఆ సొరంగం రౌండు ట్రైనీ వంతు. పది నెలలు పాకాను, ప్రతిసారీ బయటికొచ్చి చేతులు కడిగి, మెడ కడిగి, అయినా ముక్కులోంచి పోక, అన్నం సహించక. పది నెలలు పాకినవాణ్ణే, ఆ మాట ఎవరైనా లెక్కలోకి తీసుకుంటే బాగుండు.

తర్వాత ఒక రోజు, ఇవాళ్టికి పదమూడు రోజులు, మామ బేరింగులో నూనె చూడటానికి వెళ్ళి, అవతలి పక్క దేనికో పాకి, పగిలిన థర్మామీటరు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. "గాజు పోయింది అల్లుడూ, సెకండ్ సార్‌కి చెప్పి స్టోర్లోంచి కొత్తది ఇప్పించుకో, అందాకా చేత్తో తడిమి చూసుకుందాం" అని వర్క్‌షాపు సొరుగులో పడేశాడు. నేను సరే అన్నాను. సెకండ్‌కి చెబితే కొత్తది బిగించే పని నాకే చెబుతాడు, రెంచీ పట్టుకుని ఆ నీళ్ళల్లో గంటసేపు వెల్లకిలా పడుకోవాలి, వీపు కింద ఏముంటుందో. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రోజు పదింటి గడిలో నలభై ఎనిమిది వేశాను, ఎప్పుడూ అటూ ఇటూగా అంతే ఉంటుంది కదా అని. మనసు కాస్త పీకింది. మధ్యాహ్నం తర్వాతి డ్యూటీ వాళ్ళ గళ్ళు చూశాను. నలభై ఏడు, నలభై ఎనిమిది, నలభై ఎనిమిది. రాత్రి వాళ్ళవి చూశాను. నలభై ఏడు. సొరుగు తెరిచి చూస్తే థర్మామీటరు ముక్కలు అక్కడే ఉన్నాయి. అంటే ఓడ ఓడంతా సొరుగులో ఉన్న థర్మామీటరుని చదువుతోంది. పేజీ కింద సెకండ్ సంతకం, పచ్చ ఇంకుతో. నిజం చెబితే ఆ క్షణాన నాకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది. పది నెలలుగా ఆ రొచ్చులో పాకిన మనిషిని ఈ ఓడ మొత్తానికి నేనొక్కణ్ణే అని, మిగతా అందరూ బల్ల దగ్గర టీ తాగుతూ రాస్తున్నారని తెలిసి, పది నెలల వెధవాయిని నేనే అనిపించి, ఆ తర్వాత ఇక ఆ సొరంగం మొహం చూడలేదు. తొమ్మిది రోజులు. అన్నం కూడా సహించింది. బరువు పెరిగానని అనుకుంటున్నాను.

తొమ్మిదో రోజు, పదింటి గడి నింపేశాను, నలభై ఎనిమిది. వారానికోసారి బేరింగులో నూనె చూడటం మామ పని. పదీ పదికి నూనె డబ్బా పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు, ఓసారి లాగ్‌బుక్కు మీదికి వంగాడు, వంగితే ఆయన మెడ దగ్గర చెమట వాసన, నేను తల పక్కకి తిప్పుకున్నాను, ఆయన వెళ్ళిపోయాడు. ఇంజను చప్పుడులో కేక వినపడలేదు. కాసేపటికి సొరంగం నోట్లోంచి ఆయన వంగి బయటికి వచ్చాడు, కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని, అది ఎవరిదో చెయ్యి అయినట్టు, దాన్నే చూస్తూ. బేరింగు కాలిపోతోంది, మూత తీయబోతే మూతకే అరచేతి చర్మం అంటుకుపోయింది, లోపలి నూనె సలసలా మోచెయ్యి దాకా పొర్లింది. "ఇంజను ఆపించు అల్లుడూ" అన్నాడు, అంతే అన్నాడు. ఆపించాను. తర్వాత ఆయన వాసన నాకు తగిలింది. అదొక వాసన. దాన్ని గురించి నేను చెప్పను. మందుల పెట్టె గోడకి ఉంది, నాలుగు అడుగులు. నేను ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి నా చేతులు కడుక్కున్నాను. సబ్బుతో. రెండుసార్లు. కాలిన మనిషికి కట్టు కట్టాలంటే చేతులు శుభ్రంగా ఉండాలి కదా అని ఆ తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను, నాలుగు రోజులుగా అదే చెప్పుకుంటున్నాను, కానీ నేను కడుక్కున్నది అందుకు కాదు. కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూస్తే ఆయన మెట్టు మీద కూర్చుని, నేను మొదటి రోజు కక్కిన మెట్టే, నా చేతులయ్యేదాకా ఓపిగ్గా ఎదురు చూస్తున్నాడు.

బేరింగు చల్లారాక మెల్లగా నడుపుకుంటూ నిన్న రేవు చేరాక, ఆసుపత్రిలో రెండు వేళ్ళు ఇక ముడవవని చెప్పారట. ఇవాళ లోపల తేలుస్తున్నది దాని గురించి కాదు, తప్పెవరిదని. పదింటికి నలభై ఎనిమిది ఉన్న బేరింగు పదీ పావుకి ఎలా తగలబడుతుంది, కాబట్టి మధ్యలో వెళ్ళినవాడే ఏదో కెలికాడు, ఇదీ వాళ్ళ లెక్క. అబద్ధం అంకె మీద కట్టిన లెక్క ఎంత చక్కగా నిలబడిందో. తప్పు మామదని తేలితే ఆయన సర్వీసంతా రాసి ఉండే ఓడ పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసి దింపేస్తారు, ఎర్ర ఇంకు పడ్డ ఆయిలర్‌ని, అందులోనూ యాభై ఆరేళ్ళవాణ్ణి, రెండు వేళ్ళు రానివాణ్ణి, ఏ ఓడా ఎక్కించుకోదు. ఆయనకి ఒడ్డున ఇల్లు లేదు. నిజం చెబితే ఈ పుస్తకం చించి పారేస్తారు, ఏడాది పోతుంది, అబద్ధపు రీడింగులు రాసిన ట్రైనీని మళ్ళీ ఎవరు తీసుకుంటారు, నాన్న ఆ సైకిలు మీద డిపోకి ఎన్నేళ్ళు పోతాడు. సెకండ్ పొద్దున సంతకాలయ్యాక పెన్ను జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "ముసలాడు ఎలాగూ దిగిపోయేవాడే. నీకు బోలెడు జీవితం ఉంది. నువ్వేం కొత్తగా చేశావు, అందరం చేసేదే." అందరం అన్నాడు. ఆ అందరంలో నన్ను కలుపుకుని భుజం తట్టాడు. నాకు అసహ్యం వేసింది, కానీ ఎక్కువ అసహ్యం వేసింది వాడి మీద కాదు, వాడు అది అంటున్నంతసేపూ నా లోపల ఏదో సర్దుకుని, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నందుకు. సంతకాలు ముందు వచ్చేశాయి కదా, ఇక ఇప్పుడు నిజం చెప్పినా ఏం చేస్తారు అని కూడా ఒక ఆలోచన వచ్చింది, అంత తెలివి. నేను ఇలాంటివాణ్ణని నాకు ఇరవై మూడేళ్ళు తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. మామ. ఎడం చేత్తో తలుపు జాగ్రత్తగా మూసి, నా పక్కన బెంచీ మీద నిండుగా కూర్చున్నాడు, స్పాంజి పైకొచ్చిన చోటే. కట్టులోంచి మందు వాసన, దాని కింద ఇంకోటి.

"ఏంటల్లుడూ, మొహం అలా పీక్కుపోయింది? ఏం తినలేదా?"

"ఏమన్నారు మామా?"

"ఏమంటారు. పదింటికి బాగున్న బేరింగు పావుగంటలో ఎలా కాలిందో చెప్పమన్నారు. నాకేం తెలుసన్నాను. నూనె పొయ్యడంలో నా అజాగ్రత్త వల్లేనని కాయితం రాసిపెట్టుకున్నారు. సంతకం పెట్టమన్నారు, పెట్టేశా. ఎడం చేత్తోనాయె, కోడి కెలికినట్టు వచ్చింది." నవ్వాడు. ఆయన పళ్ళు పచ్చగా, ఒకటి లేదు. "నువ్వు భయపడకు. నీది ఒక్క ముక్కే. ఐదు నిమిషాల పని."

"పెట్టేశారా?"

"కూర్చోబెట్టి ఎంతసేపు అడుగుతారు పాపం, వాళ్ళకీ వేరే పనులుంటాయి." ఆయన తలుపు వైపు ఓసారి చూసి, నా వైపు వంగి, గొంతు తగ్గించాడు. నేను ఊపిరి బిగబట్టాను, అలవాటు. "నీకో మాట చెప్పాలి. లోపల చెబితే నీ మీదికి వస్తుందని ఊరుకున్నా. ఆ కొత్త థర్మామీటరు తేడాగా ఉంది అల్లుడూ."

"ఏ కొత్తది?"

"అదే, నువ్వు పెట్టించావుగా. గాజు పోయిందని నీకు చెప్పానా, ఆ రోజు నుంచే మళ్ళీ అంకెలు పడుతున్నాయి పుస్తకంలో. మావాడు పని చేయించాడు, ఫరవాలేదు అనుకున్నా. అన్ని డ్యూటీల వాళ్ళూ వేస్తున్నారు. ఆ రోజు కూడా లోపలికి పోయే ముందు చూసుకున్నానా, నలభయ్యెనిమిది. సరే, చల్లగానే ఉందిలే అని గ్లవ్స్ తీసేశా. గ్లవ్స్‌తో ఆ మూత పట్టుకి దొరికి చావదు. ముప్పై ఏళ్ళుగా ముందు వెనకచేత్తో ఇలా తాకి చూసుకునేవాణ్ణి. ఆ రోజు చూసుకోలేదు. నీ అంకె ఉందిగా అని." కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సర్దుకున్నాడు. "నేనెలాగూ దిగిపోతా. నువ్వు మాత్రం అది మార్పించెయ్. ఎవరికీ చెప్పనక్కర్లేదు, నువ్వే నిదానంగా మార్చెయ్. ఇంకొకడి చెయ్యి కాలకూడదు కదా."

ఈ మనిషి నాలుగు రోజులుగా ఆ చేత్తో, నిద్ర పట్టక, థర్మామీటరుని తప్పు పడుతూ పడుకున్నాడు, థర్మామీటరుని, నన్ను కాదు, ఆయన బుర్రకి ఆ ఆలోచనే తట్టలేదు, మనిషి చూడకుండా అంకె వేస్తాడని, పక్కనే నిలబడి డ్యూటీ చేసేవాడు, అల్లుడు. నేను రాసిన అంకెని ఈ ఓడలో నమ్మినవాడు ఈయనొక్కడే. రాసిన నేను నమ్మలేదు, సంతకం పెట్టిన సెకండ్ నమ్మలేదు, కాపీ కొట్టినవాళ్ళు నమ్మలేదు. తలుపు సందులోంచి సెకండ్ తల బయట పెట్టి "రా" అన్నాడు. లేచాను. మామ ఎడం చేత్తో నా వీపు తట్టాడు, ఈసారి ఒళ్ళు బిగుసుకోలేదు, లోపలికి నడిచాను.

సూపరింటెండెంటు తెల్ల చొక్కాలో ఉన్నాడు, ఇస్త్రీ మడత నలగలేదు, గోళ్ళు నావిలాగే కురచగా శుభ్రంగా ఉన్నాయి, సెంటు వాసన. బల్ల మీద లాగ్‌బుక్కు, దాని పక్కన మామ సంతకం పెట్టిన కాయితం. నిజంగానే కోడి కెలికినట్టుంది. "కూర్చో బాబూ. ఇది నీ రాతేనా?" నాదే సార్. "ముచ్చటగా ఉంది. పదింటికి నలభై ఎనిమిది. అంతేగా?" పెన్ను అప్పుడే తీసి పట్టుకున్నాడు. సెకండ్ నన్ను చూడటం లేదు, గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"అక్కడ థర్మామీటరు లేదు సార్."

"ఏంటి?"

"పగిలిపోయి పదమూడు రోజులైంది. వర్క్‌షాపు సొరుగులో ఉంది, పైనుంచి రెండోది. తొమ్మిది రోజులు నేను లోపలికి వెళ్ళకుండానే వేశాను. తర్వాతి డ్యూటీ వాళ్ళు కూడా అంతే, చూడండి, లేని థర్మామీటరుకి నలభై ఏడు, నలభై ఎనిమిది. కింద సంతకాలు సెకండ్ సార్‌వి."

"సార్, వీడికి రెండు రోజుల్నుంచి ఒంట్లో బాగుండట్లేదు" అన్నాడు సెకండ్. సూపరింటెండెంటు వాడి వైపు చూడలేదు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాడు, వేలు తడి చేసుకోకుండా, ఒక్కోటి. పచ్చ ఇంకు దగ్గర ఆగాడు. నా పుస్తకం బల్ల మీద పెట్టాను, ఆయన తీసి చూసి ఎనిమిదో పేజీ దాకా వెళ్ళి, మూసి తన వైపు పెట్టుకున్నాడు. అయిపోయింది. ఇంతే కదా అనిపించింది, ఇంత తేలికా, చెప్పేస్తే. ఇక కిందికి పోయి బ్యాగు సర్దుకోవాలి, నాన్నకి ఫోను చేయాలి, అది కష్టం, కానీ ఇక్కడ మాత్రం అయిపోయింది అనుకుని లేవబోయాను.

"కూర్చో" అన్నాడు. "ఆ ఆయిలర్‌ని లోపలికి పిలవండి. ఈ మాట అతని ముందు చెప్పాలి."

ఇది నేను అనుకోలేదు. అన్నిటికీ సిద్ధపడి వచ్చాను గానీ దీనికి కాదు. మామ వచ్చాడు, మళ్ళీ తలుపు జాగ్రత్తగా మూశాడు, నా వైపు ఓ ధైర్యం చూపు చూసి, ఏమైంది అన్నట్టు నిలబడ్డాడు. నేను చెప్పాను. మొదటిసారి ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను, కొత్త థర్మామీటరు అంటూ ఏదీ లేదు మామా, నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ పెట్టలేదు. ఆయన లాగ్‌బుక్కు దగ్గరికి వంగి, ఆ రోజు గడి మీద ఎడం చేతి వేలు పెట్టాడు.

"మరి ఈ నలభయ్యెనిమిది ఎక్కడిది?"

"నేనే వేశాను."

"ఎందుకని?" కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగాడు, ఏదో కారణం ఉంటుందనే నమ్మకంతో, నేను చెబితే ఒప్పుకుందామన్నట్టు. నేను వెతికాను. పని ఎక్కువని, సెకండ్ తిడతాడని, అందరూ చేస్తున్నారని, నోటి దాకా వచ్చినవన్నీ ఆయన చేతిని చూసి వెనక్కి పోయాయి. మిగిలింది ఒక్కటే.

"లోపల కంపు కొడుతుంది, మామా."

ఆయన వేలు గడి మీంచి తీసి, తల ఎత్తాడు.

"అంతేనా?" అన్నాడు.